చదివినవాళ్ళకే ఓటు ఉంటే చాలా? అందరికీ అందేలా చూడాలా?

ఎన్నికలు దగ్గరపడితే చాలు, స్టాఫ్‌రూమ్‌లోనూ, పెళ్ళి భోజనాల దగ్గరా ఎవరో ఒకరు ఇదే మాట ఎత్తుతారు. "డబ్బుకూ మందుకూ ఓటేసేవాళ్ళకు ఓటెందుకండీ? కనీసం పదో తరగతి పాసైనవాళ్ళకే ఇస్తే బాగుపడతాం కదా?" ఇరవై ఏళ్ళుగా ఎలక్షన్ డ్యూటీలు చేస్తున్న టీచర్‌ని కాబట్టి నన్నే అడుగుతారు. పోయిన నెల మా బావగారూ అడిగారు. బస్సు వచ్చేసిందని సగంలో ఆపేశాను. ఆ మిగతా సగం ఇది.

అడిగేవాళ్ళ కోపం నాకు అర్థమవుతుంది. పోలింగ్ ముందురోజు రాత్రి కవర్లు ఇల్లిల్లూ తిరగడం నేనూ చూశాను. ఓటు తగ్గించాలనేవాళ్ళు చెడ్డవాళ్ళేమీ కాదు, విసిగిపోయినవాళ్ళు.

కానీ "చదివినవాళ్ళకే ఓటు" అనే పద్ధతి మన దగ్గర ఇప్పటికే నడుస్తోంది. రాజ్యాంగం 171వ అధికరణ ప్రకారం శాసన మండలి సీట్లలో పన్నెండో వంతు పట్టభద్రులు ఎన్నుకుంటారు. డిగ్రీ పూర్తయి మూడేళ్ళు దాటినవాళ్ళకే అక్కడ ఓటు. 2021 మార్చిలో తెలంగాణలో అలాంటి రెండు స్థానాలకు ఎన్నిక జరిగితే, హైదరాబాద్-రంగారెడ్డి-మహబూబ్‌నగర్ లెక్కింపులో నేను కూర్చున్నాను. 93 మంది అభ్యర్థులు. బ్యాలెట్ విప్పితే న్యూస్‌పేపర్‌లా టేబుల్ నిండా పరుచుకునేది. పక్కనే ఇచ్చిన వయొలెట్ స్కెచ్ పెన్‌తో నచ్చినవాళ్ళ పేరు ఎదురుగా 1 అని అంకె వేయాలి, అంతే. ఒక కాగితంలో అందంగా టిక్కు. ఇంకోదాంట్లో "ఒకటి" అని అక్షరాల్లో. అంకె తప్ప మాట చెల్లదు. ఇంకొకరు ఇద్దరికి 1 ఇచ్చారు. ఒకరు కింద సంతకం కూడా పెట్టారు. రెండు స్థానాల్లోనూ చెల్లని ఓట్లు ఒక్కోచోట 20 వేలు దాటాయి.

ఇది నేను డిగ్రీ చదివినవాళ్ళను తక్కువ చేయడానికి చెప్పడం లేదు, వాళ్ళలో నా పాత స్టూడెంట్లూ ఉండి ఉంటారు. ఓటేయడం డిగ్రీ నేర్పే పని కాదని చెబుతున్నాను. 1951 జనాభా లెక్కల్లో అక్షరాస్యులు నూటికి 18 మందే. అయినా మొదటి సాధారణ ఎన్నికల్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె పెట్టి, దానిమీద గుర్తు అంటించారు. జనం తమకు కావాల్సిన పెట్టెలో కాగితం వేసి వెళ్ళారు. అప్పుడూ కొందరు జాబితాకు ఎక్కలేదు. తన పేరు చెప్పకుండా ఫలానావారి భార్య, ఫలానావారి కూతురు అని రాయించుకున్న సుమారు 28 లక్షల మంది ఆడవాళ్ళను అప్పటి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ జాబితాలోంచి తీసేయించారు. అది వాళ్ళకు ఓటు వద్దని కాదు. పేరు చెప్పి రాయించుకోవాలని, తర్వాతి ఎన్నికలకు ఆ లోటు తీరాలని.

ఇక డబ్బు సంగతి. నా మటుకు అసలు తేల్చేది ఇదే. ఓటర్లను తగ్గిస్తే ఓటు కొనడం ఆగుతుందా? స్థానిక సంస్థల ఎమ్మెల్సీ ఎన్నికను చూడండి. అక్కడ ఓటర్లు ఎంపీటీసీలు, జడ్పీటీసీలు, కౌన్సిలర్లు. జిల్లా అంతా కలిపినా ఓ వెయ్యి మంది, అటూ ఇటూగా. లోకం తెలిసినవాళ్ళే అందరూ. మరి ఆ ఎన్నిక రాగానే పేపర్లో కనబడే మొదటి మాట ఏమిటి? క్యాంపు. బస్సులెక్కించి రిసార్టులకు తీసుకెళ్ళి పోలింగ్ రోజు పొద్దున దించుతారు. ఊరికే ఒక లెక్క వేద్దాం. ఒకాయన 10 కోట్లు పంచదలిచాడనుకోండి. రెండు లక్షల మందికి పంచితే మనిషికి 500. దానికి ఓటరు లొంగుతాడో లేదో, తీసుకుని ఇంకొకరికి వేస్తాడో తెలియదు. వెయ్యి మందికే పంచితే మనిషికి లక్ష, పైగా ఎవరు ఎక్కడ కూర్చున్నారో కళ్ళముందే ఉంటారు. రెండు లక్షల మందిని ఏ రిసార్టులో పెడతారు? ఓటర్లు ఎక్కువగా ఉండటమే డబ్బుకు అడ్డు.

అందుకే నేను ఓటు అందరికీ అందాలనే వైపు మొగ్గుతాను. అయితే ఓటు విస్తరించడం అంటే కొత్తవాళ్ళకు హక్కు ఇవ్వడం ఒక్కటే కాదు. ఉన్న హక్కు చేతికి అందడం లేదు చాలామందికి. మా వీధి చివర అపార్ట్‌మెంట్ కడుతున్నప్పుడు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన భార్యాభర్తలు సైట్‌లోనే రేకుల గదిలో ఉండేవారు. 2024 మే 13న రెండు రాష్ట్రాల్లోనూ పోలింగ్. ముందు రెండు రోజులూ విజయవాడ హైవే టోల్‌గేట్ల దగ్గర కార్లు బారులు తీరాయి. వీళ్ళు మాత్రం కదల్లేదు. అడిగితే ఆవిడ అంది, "రైలు ఛార్జీ ఎలాగో పెట్టుకుంటాం బాబూ, ఇద్దరికీ మూడ్రోజుల కూలి పోతాది కదా." ఓటు ఇక్కడికి మార్చుకోవచ్చు కదా అంటారేమో. ఏడాదికో సైటు మారే మనిషి ఎక్కడికని మారుస్తాడు? వాళ్ళ ఇల్లు, రేషన్ కార్డు, అత్తగారి పింఛను అన్నీ ఆ ఊళ్ళోనే ఉన్నాయి.

ఉన్నచోటి నుంచే సొంతూరి ఓటు వేసేలా 2022 డిసెంబర్‌లో ఎన్నికల సంఘం రిమోట్ ఓటింగ్ మెషీన్ నమూనాను ప్రకటించింది. ఒకే మెషీన్‌లో 72 నియోజకవర్గాల ఓట్లు వేయొచ్చు. ప్రతిపక్ష పార్టీలు చాలావరకు ఒప్పుకోలేదు. వలస వచ్చినవాళ్ళెవరో ఎలా తేలుస్తారు, దూరపు బూత్‌లో ఏజెంట్‌ను ఎవరు పెడతారు అని అడిగాయి. ఏజెంటు ప్రశ్న నిజమైనదే, చిన్న పార్టీకీ ఇండిపెండెంటుకూ అది కష్టం. కానీ మొదట ఒకే రాష్ట్రంలో పెట్టి చూడొచ్చు కదా. పాలమూరు నుంచి హైదరాబాద్ వచ్చిన కూలీకి ఇక్కడే ఏజెంట్లు దొరుకుతారు. సైనికులకు, డ్యూటీలో ఉండే మాకు పోస్టల్ బ్యాలెట్ ఉంది. 85 ఏళ్ళు దాటినవాళ్ళకు ఇంటి దగ్గరే ఓటు ఉంది. కూలీ దగ్గరకే ఎందుకో ఆగిపోయాం. ఫోన్‌లో ఓటు మాత్రం నాకు వద్దు. ఇంట్లో పక్కన నిలబడి "ఇది నొక్కు" అనేవాళ్ళుంటే రహస్యం ఏముంటుంది?

జైల్లో ఉన్నవాళ్ళ సంగతీ చెప్పాలి. ప్రజాప్రాతినిధ్య చట్టం 62(5) ప్రకారం జైల్లో ఉంటే ఓటు లేదు. ముందస్తు నిర్బంధంలో, అంటే నేరం చేయకుండా ఆపడానికని ముందే లోపల పెట్టినవాళ్ళకు తప్ప. శిక్ష పడి బెయిల్ మీద బయటున్నవాడు వేయొచ్చు, నేరం రుజువుకాని విచారణ ఖైదీ వేయలేడు. మన జైళ్ళలో దాదాపు నలుగురిలో ముగ్గురు విచారణ ఖైదీలే. పోటీ మాత్రం చేయొచ్చు. 2024లో కశ్మీర్‌కు చెందిన ఇంజనీర్ రషీద్ విచారణ ఖైదీగా జైల్లో ఉండే ఎంపీగా గెలిచారు. కనీసం విచారణ ఖైదీలకైనా ఓటు ఇవ్వాలి.

ఎన్నారైలకు 2010 సవరణతో ఓటు వచ్చింది కానీ విమానమెక్కి బూత్‌కు రావాలి. గల్ఫ్‌లో ఉన్న మనవాళ్ళకు అది అయ్యే పని కాదు, అక్కడి మన రాయబార కార్యాలయాల్లో బూత్‌లు పెట్టాలి. ఓటు వయసు 16కు తగ్గించడం ఇప్పుడు తొందర. 1989లో 21 నుంచి 18కి దించాం, చాలు. తప్పనిసరి ఓటు నాకు నచ్చదు.

ఆ భార్యాభర్తలు ఇప్పుడు వేరే సైటుకు వెళ్ళిపోయారు. వెళ్ళేముందు జాబితాలో పేర్లున్నాయో లేదో చూడమంటే ఫోన్‌లో చూసి చెప్పాను. ఇద్దరివీ ఉన్నాయి. బూత్ పేరు చదవగానే ఆవిడ నవ్వింది. తను మూడో తరగతి దాకా చదివిన బడే అది.