హనుమకొండ కాకా సైకిల్ షాపు: సామానుతో దూరం పోయేవాళ్ల కోసం ఈ రివ్యూ

సంక్రాంతి సెలవులు అయిపోగానే మేం ఆరుగురం వరంగల్ నుంచి కన్యాకుమారికి సైకిళ్ల మీద బయల్దేరుతున్నాం. దారిలో సర్కారు బడుల దగ్గర ఆగి, ఆరు నుంచి తొమ్మిదో తరగతి పిల్లలకు సైన్స్ వర్క్‌షాపులు చేయాలని ప్లాన్. హైదరాబాద్ దాకా 163వ నంబరు హైవే, అక్కణ్నుంచి చివరిదాకా 44వ నంబరు. అంటే కర్నూలు, అనంతపురం, బెంగళూరు, సేలం, మధురై. హోసూరు దాటాక పాఠాలన్నీ మా చిత్తూరు ఫ్రెండ్ నెత్తినే, మాలో తమిళం వచ్చింది వాడికొక్కడికే. డిసెంబరులోనే పోదామన్నారు కొందరు కానీ, తమిళనాడులో ఈశాన్య రుతుపవనాల వానలు అప్పటికి పూర్తిగా తగ్గవని ఆగాం.

పర్మిషన్ లెటర్లు, టెంట్లు, టిఫిన్ల సంగతి ఎట్లాగో అయిపోయింది. అసలు టెన్షన్ అంతా సైకిళ్ల దగ్గరే. ముందు ఒక పెద్ద షోరూంకి వెళ్లాం, పేరు చెప్పను. "అన్నా, సామాను మొయ్యాలి" అని మేం అంటుంటే, ముందు షాకబ్జర్లు ఉన్న 21 గేర్ల సైకిలే తిప్పి తిప్పి చూపించాడు. దానికి వెనక క్యారియర్ బిగించుకోవడానికి కన్నాలు కూడా లేవు.

అప్పుడు మా సీనియర్ ఒకాయన చెప్పిన షాపు ఇది. హనుమకొండ చౌరస్తా నుంచి కాజీపేట వైపు వస్తుంటే ఒక సందులో ఉంటుంది. రేకుల షెడ్డు, ముందు రెండు గాలి పంపులు, లోపల గోడ నిండా వేలాడే రిమ్ములు. అందరూ ఆయన్ని కాకా అనే పిలుస్తారు.

మేం సైకిల్ గురించి అడిగితే ఆయన మా బ్యాగులు అడిగాడు. మాగ్నెట్లు, రాగి తీగ చుట్టలు, భూతద్దాలు, పీవీసీ పైపులు, చార్టులు, మోటార్లు అన్నీ తెచ్చి ముందు పెట్టాం. స్ప్రింగు కాంటాకు తగిలించి చూస్తే ఒక్క సైన్స్ సామానే 19 కిలోలు. బట్టలు, నీళ్లు, టూల్స్ ఇంకా కలపనే లేదు. "బిడ్డా, మీరు బడికి వోతున్నట్టు లేదు, పెండ్లికి వోతున్నట్టుంది" అన్నాడు. ముందు సామాను తగ్గించుకుని రండి, ఆ తర్వాతే సైకిల్ ముట్టుకుంటా అని పంపించేశాడు. కస్టమర్‌ని వెనక్కి పంపే షాపు నేనైతే ఎప్పుడూ చూడలేదు.

ఆ సామాను తగ్గింది కూడా ఆయన చలవతోనే. ఈ మోటార్లు, చుట్టలు కాదురా, డైనమో పెట్టుకోండి అని పాత డబ్బాలోంచి టైరుకు రాసుకుంటూ తిరిగే సీసా డైనమో తీసిచ్చాడు. పాతకాలం సైకిళ్లకు ఉండేదే, 6 వోల్టులది. దానికి రెండు ఎల్ఈడీలను, మధ్యలో రెసిస్టరు పెట్టి, ఎదురెదురు దిక్కుల్లో కలిపాం. చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పితే ఒకటి వెలిగినప్పుడు రెండోది ఆరుతుంది. స్పీడు పెంచితే రెండూ ఒకేసారి వెలుగుతున్నట్టే కనిపిస్తాయి. ఏసీ కరెంటు, అంటే అటూ ఇటూ దిక్కు మార్చుకుంటూ పారే కరెంటు, ఏంటో చెప్పడానికి బోర్డు మీద అలల బొమ్మ గీసి మేం పడ్డ తిప్పలన్నీ దీంతో తీరిపోయాయి. పైగా పెద్ద బల్బు తగిలించగానే తిప్పే చేతికి బరువు తెలుస్తుంది, తీసేస్తే తేలికవుతుంది. వెలుతురు ఊరికే రాదు, మీ చెయ్యే ఇస్తోంది అని పిల్లలకు వేరే చెప్పనక్కర్లేదు. మోటార్లు, రాగి చుట్టలు హాస్టల్లోనే ఉండిపోయాయి.

గేర్ల పాఠానికి కూడా సైకిలే సరిపోయింది. మాలో ఒకడిది వాళ్ల తాతగారి పాత అట్లాస్. సాహిబాబాద్‌లోని అట్లాస్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడే, మూతపడింది. స్పేర్లు దొరకవేమో అనుకున్నాం కానీ, కాకా దగ్గర ఆ నల్ల సైకిళ్ల సామాను దండిగా ఉంది. ముందు 44 పళ్లు, వెనక 18. తొక్కుడు ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరుగుతుంది. టైరు మీద సుద్దతో గీత పెట్టి, నేల మీద టేపుతో కొలిస్తే ఒక్క తొక్కుడుకు దాదాపు ఐదున్నర మీటర్లు. పళ్లు లెక్కపెట్టి ముందే జవాబు చెప్పిన పిల్లలకు, కొలిచాక అదే లెక్క వస్తే భలే హుషారు వస్తుంది.

మూడోది గిరగిర చక్రం. పాత ముందు చక్రం ఇరుసుకు రెండు పక్కలా ఇనుప పైపు ముక్కలు వెల్డింగ్ చేయించి, వాటికి హ్యాండిల్ గ్రిప్పులు తొడిగాడు. దాన్ని జోరుగా తిప్పి, తిరిగే కుర్చీలో కూర్చున్న మనిషి చేతికిచ్చి, పక్కకు వంచమంటే కుర్చీయే తిరుగుతుంది. ఒక పక్క పైపుకు తాడు కట్టి వేలాడదీస్తే, కింద పడకుండా నిలబడి మెల్లగా చుట్టూ తిరుగుతుంది. ఇది కాకాకే పిచ్చిగా నచ్చేసింది. గిరాకీ వచ్చి నిలబడ్డా వదల్లేదు. దీనికి డబ్బులు కూడా తీసుకోలేదు, వెల్డింగ్ ఖర్చు తప్ప.

ఇక అసలు పని, చక్రాలు. సామాను మోసే సైకిల్లో ముందుగా పోయేవి వెనక చక్రం పుల్లలు (స్పోకులు). "కుడి పక్కవే ఇరుగుతయ్, బరువంత ఆడనే గుంజుతది" అన్నాడు. గేర్ల పళ్లకు చోటు ఇవ్వాలి కాబట్టి ఆ పక్క పుల్లలు నిటారుగా నిలబడతాయి, ఎడమవాటి కంటే ఎక్కువ బిగువుగా ఉండాలి. పైగా ఆ పక్క పుల్ల విరిగితే ఫ్రీవీల్, అంటే వెనక పళ్ల చక్రం, విప్పితే గానీ కొత్తది ఎక్కదు. ఫ్రీవీల్ విప్పే ఆ చిన్న టూల్ లేకుండా హైవే మీద జేబు నిండా పుల్లలున్నా లాభం లేదు. మా అందరితో ఒక్కొక్క చక్రం విప్పించి, పుల్ల మార్పించి, బెండు తీయించాడు. బ్రేకు ముక్కను ఆనవాలుగా పెట్టుకుని, రిమ్ము ఎటు రాసుకుంటే దానికి ఎదురుపక్క నిప్పుల్‌ని (పుల్ల చివర రిమ్ము దగ్గరుండే చిన్న నట్టు) పావు చుట్టు బిగించడం. ఎక్కువ తిప్పితే స్క్రూడ్రైవర్‌తో వేళ్ల మీద కొట్టాడు, ఊరికే కాదు, గట్టిగానే. "కర్నూల్ల ఇరిగితే నేనొస్తనా?" అని.

అట్లాస్‌కి తప్ప మిగతా ఐదు సైకిళ్లకు వెనక 36 పుల్లల అల్యూమినియం రిమ్ములు వేశాడు. ఇనుప రిమ్ము తడిస్తే బ్రేకు సరిగా పట్టదు. ధర్మపురి నుంచి సేలం వైపు దిగేటప్పుడు తొప్పూరు ఘాట్ వస్తుంది, లారీలకే బ్రేకులు ఫెయిలై యాక్సిడెంట్లు అయ్యే దిగుడు. ఆ ఘాట్ గురించి ఆయనకు లారీ డ్రైవర్ల ద్వారా తెలుసు. అక్కడ సైకిల్ నడిపించుకుంటూ దిగమని మాతో మాట తీసుకున్నాడు. అట్లాస్ తొక్కేవాడితో రెండుసార్లు తీసుకున్నాడు. ట్యూబులు కూడా ఐదింటికీ బైకు వాల్వువే వేశాడు, పెట్రోల్ బంకులో గాలి పట్టించుకోవచ్చని.

లోడు మొత్తం వేసుకుని రామప్ప దాకా ట్రయల్ వేశాం. పాలంపేటలో రాత్రి ఆగి, మర్నాడు బడిలో పిల్లలతో మా మొదటి వర్క్‌షాపు. 1213 నాటి గుడి, 2021లో యునెస్కో గుర్తింపు, నీళ్లలో తేలే ఇటుకలు, ఇవన్నీ ఆ పిల్లలకు మాకంటే బాగా తెలుసు. మడమలు రుద్దుకునే ప్యూమిస్ రాయి ఒకటి బకెట్లో వేసి ఇది ఎందుకు తేలింది అని అడిగితే "లోపల గాలి ఉంది సార్, మా గుడి ఇటుకల లెక్కనే" అనేశారు. అరగంటకు వేసుకున్న ప్లాన్ రెండు నిమిషాల్లో అయిపోయింది.

సైకిళ్ల విషయానికొస్తే ఒక్క పుల్ల విరగలేదు, బెండు రాలేదు. కానీ తిరుగు దారిలో నా క్యారియర్ ఎడమ బోల్టు ఊడి బ్యాగు టైరుకు రాసుకుంది. లాక్ నట్టు వేయాల్సిన చోట మామూలు నట్టు వేశాడు. చూపిస్తే ఏమీ వాదించకుండా ఆరు సైకిళ్లకూ నైలాన్ లాక్ నట్లు మార్చాడు, ఫ్రీగా.

నచ్చనివీ ఉన్నాయి. కాకా "రేపు" అంటే క్యాలెండర్లో ఉండే రేపు కాదు. ఫోన్ చేస్తే ఎత్తడు, వెళ్లి నిలబడితేనే పని కదులుతుంది. బిల్లు ఇవ్వడు, సిగరెట్ పెట్టె వెనక లెక్క రాస్తాడు. మా కాలేజీ ఫండ్‌కి రసీదు కావాలంటే స్పేర్లు వేరే హోల్‌సేల్ షాపులో బిల్లుతో కొని తెచ్చి ఇవ్వాల్సి వచ్చింది. హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు ఉన్న సైకిల్ అయితే ఇక్కడికి తేవద్దు, ఆయనే ముట్టుకోడు. ఆడపిల్లలు ఒంటరిగా సాయంత్రం వెళ్లాలంటే సందులో లైటు సరిగా లేదు, మేం మధ్యాహ్నమే వెళ్లేవాళ్లం.

రేట్లు: చక్రం బెండు తీస్తే 150, పాత పుల్లలన్నీ తీసి కొత్తవి అల్లితే 400, సామాను మనది. క్యారియర్‌కి తగ్గట్టు టార్పాలిన్ బ్యాగులు కుట్టే ఆయన రెండు షాపుల అవతల ఉన్నాడు, జత 700. షోరూంలో రెడీమేడ్‌వి దానికి మూడింతలు చెప్పారు. జిప్పులు పెట్టించుకోకండి, దుమ్ముకు ఇరుక్కుపోతున్నాయి. పై మూత మడిచి బెల్టు వేసేవి చెప్పండి.

దూరం పోయేవాళ్లయితే కనీసం మూడు వారాల ముందే సైకిల్ అప్పజెప్పండి. పొద్దున పదకొండు తర్వాత, రెండు లోపల వెళ్తే కాకా తీరిగ్గా ఉంటాడు. ఫోన్‌పే ఉంది కానీ అది వాళ్ల అబ్బాయిది, ఆ అబ్బాయి షాపులో లేకపోతే క్యాషే.