మెర్సిడెస్ 722.3 గేర్‌బాక్స్ ఫిల్టర్ కిట్: కొనే ముందు లీకు పాన్‌దేనా చూసుకోండి

పాత మెర్సిడెస్ ఆటోమేటిక్‌లలో, అంటే 1981 తర్వాతి డబ్ల్యూ123 మొదలుకొని డబ్ల్యూ126, డబ్ల్యూ124 మోడళ్ల దాకా, ఉండే 722.3 గేర్‌బాక్స్‌కి వచ్చే ఈ కిట్‌లో ఉండేవి మూడే: ఫిల్టర్, పాన్‌కి (గేర్‌బాక్స్ అడుగునుండే ఆయిల్ తొట్టి) వేసే రబ్బరు గ్యాస్కెట్, డ్రెయిన్ ప్లగ్ (ఆయిల్ దించే బిరడా) వాషర్లు. సామాను బాగుంటుంది. చిక్కల్లా, దీన్ని కొనేవాళ్లలో చాలామందికి అసలు అవసరం లేకపోవడమే.

కారు కింద ఎర్ర మరక కనబడగానే బెంగళూరులో ఏ గ్యారేజీకి వెళ్లినా మొదట వినబడేది "పాన్ గ్యాస్కెట్ పోయింది సార్" అనే మాట. ఆ గ్యాస్కెట్ మీద నేరం మోపడం సులువు మరి. పైన ఎక్కడ కారినా ఆయిల్ గేర్‌బాక్స్ కేసు (బయటి డొల్ల) మీదుగా జారి, పాన్ అంచు దగ్గరే చుక్క కడుతుంది.

అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కారు కింద అట్టముక్క పరిచి, మరక ఎప్పుడు పడుతోందో చూడండి. మూడు రోజులు కదలకుండా ఉన్నాకే పడుతుంటే, టార్క్ కన్వర్టర్ (ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఆయిల్‌తో నిండి ఉండే డబ్బా)లోని ఆయిల్ మెల్లగా పాన్‌లోకి దిగి లెవెల్ పెరిగిందని అర్థం. అప్పుడు కారేది ఎక్కువగా ఎడమ పక్కనున్న గేర్ లివర్ షాఫ్ట్ సీల్, లేదా కిక్‌డౌన్ సోలెనాయిడ్ (యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే కింది గేరు వేయించే కరెంటు వాల్వ్) ఓ-రింగ్. ఇంజిన్ నడిచేటప్పుడే కారితే ప్రెషర్ ఉండే చోట్లు వెతకాలి: కూలర్ పైపులు, బ్యాండ్ పిస్టన్ కవర్, ముందు పంపు సీల్. బెల్ హౌసింగ్ (కన్వర్టర్‌ని కప్పే ముందు భాగం) అడుగునుంచి ఎర్రగా వస్తే పంపు సీల్, నల్లగా వస్తే ఇంజిన్ వెనక సీల్. పంపు సీల్ అయితే గేర్‌బాక్స్ దించక తప్పదు, కిట్ డబ్బు మిగుల్చుకోండి. ముందు చక్రం దగ్గర ఎరుపు కనిపిస్తే కంగారు పడొద్దు, పవర్ స్టీరింగ్‌లో కూడా చాలామంది ఏటీఎఫే (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఎర్ర ఆయిల్) పోస్తారు.

చోటు తేలకపోతే యూవీ డై (లీకు చోట మెరిసే రంగు) కొనక్కర్లేదు. కేసంతా బ్రేక్ క్లీనర్‌తో కడిగి ఆరనిచ్చి, మొహానికి రాసుకునే పౌడరు పలచగా చల్లి, ఇరవై నిమిషాలు తిప్పి వచ్చి టార్చి వేసి చూడండి. తెల్లటి పొర మీద ఎర్ర గీత ఎక్కడ మొదలైందో కళ్లకి కడుతుంది. చూడాల్సింది గీత మొదలు, చివర కాదు. ఇక లెవెల్ తగ్గుతూ ఉండి, కింద చుక్క కూడా లేకపోతే, వ్యాక్యూమ్ మాడ్యులేటర్ (ఇంజిన్ వ్యాక్యూమ్‌ని బట్టి గేర్‌బాక్స్ ప్రెషర్ సర్దేది) గొట్టం పీకండి. లోపల ఎర్ర తడి ఉంటే మాడ్యులేటర్ లోపలి పొర, డయాఫ్రమ్, చినిగింది. పెట్రోలు బండిలో ఆ ఆయిల్ ఇంజిన్ తాగేసి తెల్ల పొగగా వదిలేస్తుంది. రేడియేటర్‌లో కూలెంట్ గులాబీ రంగు పాలలా ఉంటే మాత్రం బండి ఆపేయండి. రేడియేటర్‌లోని ఆయిల్ కూలర్ పగిలి రెండూ కలుస్తున్నట్టు.

ఇన్నీ చూశాక తప్పు పాన్‌దే అని తేలితే స్పేర్‌పార్టుల షాపులుండే జేసీ రోడ్డుకి బయల్దేరండి. ముందు కేసు మీద, పాన్ అంచుకి కాస్త పైన కొట్టిన నంబరు చూసుకోండి. 722.3, 722.4 కిట్లు వేరు, ఒకదాని గ్యాస్కెట్ ఇంకోదానికి కూర్చోదు. కౌంటర్ మీదే గ్యాస్కెట్‌ని రెండు వేళ్లతో మడిచి చూడండి. మడత దగ్గర తెల్లగారినా, గీతలు పడినా వద్దనండి. వాషర్లు రెండు ఉన్నాయో లేదో లెక్కపెట్టండి, ఒకటి పాన్ ప్లగ్‌కి, ఇంకోటి కన్వర్టర్ ప్లగ్‌కి. పేరులేని పాలిథిన్ కవర్ కిట్లలో తరచూ ఒకటే ఉంటుంది.

బిగింపు పెద్ద పనేం కాదు. రెండు డ్రెయిన్ ప్లగ్‌లకీ 5 ఎంఎం అలెన్ కీ చాలు. కన్వర్టర్ ప్లగ్ కిందికి రావడానికి క్రాంక్ బోల్టుని 27 సాకెట్‌తో ఇంజిన్ తిరిగే దిక్కుకే తిప్పాలి. గ్యాస్కెట్ పొడిగానే పెట్టాలి, సిలికాన్ పేస్టు వద్దు. పిండిన పేస్టు లోపల తీగలుగా ఊడి ఫిల్టర్‌కి చేరుతుంది. పాన్ బోల్టులకి 8 న్యూటన్ మీటర్లు, ప్లగ్‌లకి 14. లీకని భయపడి ఇంకాస్త బిగిస్తే రబ్బరు నలిగి పక్కకి ఉబ్బుతుంది, పాన్ అంచు వంగుతుంది, మళ్లీ కారుతుంది. తుడవడానికి బనియన్ వేస్ట్ వాడనివ్వకండి, దాని నూలుపోగు ఒక్కటి వాల్వ్ బాడీ (గేర్లు మార్చే భాగం)లో చిక్కితే గేర్లు తన్నడం మొదలవుతుంది.

కన్వర్టర్ కూడా ఖాళీ చేస్తే 722.3కి సుమారు 6.2 లీటర్ల డెక్స్‌రాన్ రకం ఏటీఎఫ్ పడుతుంది. ముందు 4 లీటర్లు డిప్‌స్టిక్ గొట్టంలోంచి పోసి, స్టార్ట్ చేసి, మిగతాది కొంచెం కొంచెంగా పోయాలి. లెవెల్ చూడాల్సింది ఆయిల్ 80 డిగ్రీలకి వేడెక్కాక, పార్కింగ్ గేర్‌లో, ఇంజిన్ ఐడిల్‌లో. హోసూరు రోడ్డెక్కి ఎలక్ట్రానిక్ సిటీ దాకా వెళ్లొస్తే ఆ వేడి వస్తుంది. చల్లగా ఉన్నప్పుడు లెవెల్ మిన్ గీతకి ఓ సెంటీమీటరు కిందే ఉండాలి. మిన్‌కి మాక్స్‌కి తేడా 0.3 లీటర్లే కదా అని చల్లటి బండికి మాక్స్ దాకా పోసేస్తారు. వేడెక్కాక అదంతా నురగై బ్రీదర్ (గాలి పోయే రంధ్రం)లోంచి పైకి తన్నుతుంది, చూసినవాళ్లకి అదీ లీకే. కొన్ని బండ్లకి ఎక్కువైన ఆయిల్ కాస్త తీసేస్తే చాలు, పైసా ఖర్చు లేదు.

లీకు ఆపుతుందని ఆయిల్‌లో కలిపే స్టాప్ లీక్ సీసా సంగతి. అది రబ్బరుని ఉబ్బించి కొన్నాళ్లు నెట్టుకొస్తుంది, చినిగిన డయాఫ్రమ్‌ని, పగిలిన పైపుని ఏమీ చేయలేదు.

కిట్‌కి ఐదుకి నాలుగు. ఒకటి తగ్గించింది షాఫ్ట్ సీల్, సోలెనాయిడ్ ఓ-రింగ్ అందులో లేనందుకు. ఈ పాత బండ్లలో ముందు ఎండేవి అవే. ఓ-రింగ్ విడిగా హైడ్రాలిక్ సీళ్ల షాపులో కొలత చూపించి తెచ్చుకోవచ్చు. నైట్రైల్ రబ్బరు అని గట్టిగా అడగండి, ఈపీడీఎం రబ్బరు అంటగడితే ఏటీఎఫ్‌లో ఉబ్బి మెత్తబడిపోతుంది.