ఫెర్రెట్‌కు ప్యాంక్రియాస్ ఆపరేషన్ అన్నరా? పైసలు కట్టే ముందు రిపోర్ట్ మీద టైం చూడున్రి

హన్మకొండల ఆ పెట్ క్లినిక్ పేరు రాస్తలేను, ఫెర్రెట్ (ముంగిస లెక్క కనవడే వేరే చిన్న జంతువు, ఇంట్ల పెంచుకుంటరు) ఉన్నోళ్లకు తెల్సే ఉంటది. మా ఫెర్రెట్ వెనక కాళ్లు ఈడుస్తుందని తీస్కపోతే రక్తం తీసిన్రు, షుగర్ 61 అన్నరు, అంటే తక్కువన్నట్టు. "ఇన్సులినోమా, ప్యాంక్రియాస్‌ల గడ్డ, రేపే కొయ్యాలె" అని 8,000 అడ్వాన్స్ కట్టించుకున్నరు. ఇన్సులినోమా అంటే ఇన్సులిన్ ఎక్కువ ఇడిసి రక్తంల షుగర్ పడగొట్టే గడ్డ.

రిపోర్ట్ చదివితే కదా అసలు సంగతి. శాంపిల్ తీసింది పొద్దున 9:40కి, మిషన్ల పెట్టింది సాయంత్రం 6:15కి. ఎర్ర మూత ట్యూబు, సీరం (రక్తకణాలు తీసేస్తే మిగిలే నీరు) వేరు చెయ్యలే. అట్ల వదిలేస్తే రక్తకణాలు గ్లూకోజ్‌ను తింటనే ఉంటయి, గంటకు 5 నుంచి 7 శాతం దాకా పోతది, ఎండకాలం ఇంకెక్కువ. అంటే మంచిగ 100 ఉన్నది గూడ సాయంత్రానికి 60 దగ్గరికి వస్తది. షుగర్‌కు బూడిద రంగు మూత ఫ్లోరైడ్ ట్యూబు (కణాలు గ్లూకోజ్ తినకుంట ఆపేది) వాడాలె, లేకుంటే అరగంటల సీరం వేరు చెయ్యాలె. మనుషుల ల్యాబుల కొత్తగ చేరిన పిలగానికి గూడ తెల్సిన ముచ్చట ఇది.

గిదే అడిగితే సారుకు కోపం. కౌంటర్ కాడ అందరి ముందట, "యూట్యూబ్ చూసొచ్చినవా? కోసేది నువ్వా, నేనా?" ఎన్ని గంటలు ఉపాసం ఉంచి తీసిన్రు సార్ అంటే జవాబు లేదు, ఫోన్ చూస్కుంట కూసున్నడు. అడ్వాన్స్ వాపస్ ఇయ్యరట, ఓటీ (ఆపరేషన్ థియేటర్) బుక్ అయిందట. కేసు షీట్ మీద "ముంగిస" అని రాసుకున్నోళ్లు ప్యాంక్రియాస్ కోస్తరట!

వేరే కాడ 4 గంటలు ఉపాసం ఉంచి, సరైన ట్యూబుల తీస్తే 96 వచ్చింది. కాళ్లు ఈడ్చుడు గుండె జబ్బుకు, రక్తం తక్కువైతే, వెన్ను దెబ్బకు గూడ అయితది. ఒక్క నంబరు మీద కడుపు కోస్తరా?

ఆపరేషన్ తప్పని అంటలేను. నిజంగ ఇన్సులినోమా అయితే, ఒక్క మందుల మీద ఉన్నవాటికంటె గడ్డ తీసినవి సాధారణంగ ఎక్కువ రోజులు బతుకుతయి. కాని కంటికి ఆనని గడ్డలు మిగిలి మళ్ల వచ్చుడు మామూలే. స్కానింగ్‌ల గూడ చాలసార్లు కనవడవు. ఇవేవీ చెప్పలే, ఖర్చు మాత్రం చెప్పిన్రు. ముసలిదైతే, గుండె బాగలేకుంటే ప్రెడ్నిసోలోన్ (షుగర్ పడకుంట చూసే స్టెరాయిడ్ మందు) మీద నడిపిచ్చుడే నయం.

ఇంకో మాట. ఉపాసం 3–4 గంటలే, అదీ డాక్టర్ కండ్ల ముందట, రాత్రంత వద్దు. మనుషుల గ్లూకోమీటర్ ఫెర్రెట్‌కు తక్కువ చూపిస్తది. 70 కింద వస్తే మళ్ల తీయించున్రి, 60 కిందికి పోయి లక్షణాలు గూడ ఉంటే అప్పుడు ఆపరేషన్ ముచ్చట. సోయి తప్పి పడిపోతే చిగుళ్లకు తేనె రాయున్రి, నోట్లె పొయ్యకున్రి, ఊపిరితిత్తులల్లకు పోతది.