పిండిన తల్లిపాలు బిడ్డకు దేనితో పట్టాలి: సీసాతోనా, ఉగ్గుగిన్నెతోనా?

బిడ్డ ఇంకా రొమ్ము సరిగ్గా పట్టడం లేదనుకోండి. సీసా అయితే సుఖం, రాత్రి రెండింటికి నాన్నయినా పట్టేయొచ్చు. కానీ సీసా పీకలోంచి పాలు తేలిగ్గా జారతాయి. దానికి అలవాటుపడి కొందరు పిల్లలు రొమ్ము దగ్గర విసుక్కుంటారు. పీక మూలల్లో జిడ్డు ఓ పట్టాన వదలదు. మన దేశంలో పాలసీసాల ప్రకటనలను 1992 చట్టం నిషేధించింది కూడా.

ఉగ్గుగిన్నెతో మొదటి రెండు రోజులు సగం పాలు మెడ మీదే! అయినా నా ఓటు దీనికే. అమ్మమ్మల్లా కాళ్ల మీద పడుకోబెట్టి పోయడం మాత్రం వద్దు, పొలమారుతుంది. ఒళ్లో కాస్త నిటారుగా పట్టుకుని, గిన్నె మూతిని కింది పెదవికి ఆనిస్తే నాలుకతో తనే అందుకుంటుంది. గుటక వేశాకే మళ్లీ వంచాలి. పని అయ్యాక గిన్నె కడిగి మరిగిస్తే చాలు.