పాటల కోసం పాత థిన్ క్లయింట్: కొన్నేళ్ల వాడకం తర్వాత

పాటల కోసం పాత కంప్యూటర్ కొందామనుకునేవాళ్లు ముందు ప్రాసెసర్ ఏదని అడుగుతారు. పాటకి ప్రాసెసర్‌తో పెద్ద పని లేదు. సీడీ నాణ్యత అంటే 16 బిట్లు, సెకనుకు 44,100 శాంపిళ్లు. పదిహేనేళ్ల నాటి పెట్టె అయినా అవలీలగా లాగేస్తుంది. నేను మాత్రం ముందు ఫ్యాన్ చూస్తాను. రాత్రి పది దాటాక వీణ మీద తానం వింటుంటే పక్కన ఫ్యాన్ గుర్రుమంటే ఒళ్లు మండుతుంది.

అందుకే హెచ్‌పీ టీ620 థిన్ క్లయింట్ తీసుకున్నాను. థిన్ క్లయింట్ అంటే సర్వర్‌కి తగిలించి పనిచేసుకునే చిన్న కంప్యూటర్, ఆఫీసులు వాడి వదిలేసే బాపతు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల వెతకొచ్చు. దీనికి ఫ్యాన్ లేదు. లోపల ఎం.2 ఎస్‌ఎస్‌డీ (తిరిగే డిస్కు బదులు చిప్పుల్లో దాచుకునే చిన్న కార్డు) ఉంటే తిరిగే భాగమంటూ ఏదీ ఉండదు. చుట్టూ గాలి ఆడేలా పెడితే చాలు. ఇరవై నాలుగు గంటలూ ఆన్‌లోనే ఉంచుతాను. పది వాట్ల లెక్కన నెలకు ఏడు యూనిట్ల పైచిలుకు.

పాత ల్యాప్‌టాప్ అయితే కరెంటు పోయినా ఆగదు, నిజమే. కానీ ఎప్పుడూ ఛార్జింగ్‌లోనే ఉంటే బ్యాటరీ ఉబ్బుతుందన్న టెన్షన్ నాకొద్దు.

కొనేటప్పుడు అక్కడే ఆన్ చేయించి బయోస్‌లోకి, అంటే కంప్యూటర్ మూల సెట్టింగుల్లోకి వెళ్లండి. ఆఫీసువాళ్లు పెట్టిన పాస్‌వర్డ్ అలాగే ఉండిపోతే, కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించడానికి పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేయడం దగ్గరే పని ఆగిపోవచ్చు. కరెంటు వచ్చాక దానంతటదే ఆన్ అయ్యే సెట్టింగ్ కూడా అక్కడే ఉంటుంది. మన కరెంటు కోతలకి అది తప్పనిసరి. అడాప్టర్ అసలుదే అడిగి తీసుకోండి.

సాఫ్ట్‌వేర్ డాఫైల్, కంప్యూటర్‌ని పాటల పెట్టెగా మార్చే ఆపరేటింగ్ సిస్టమ్. ఉచితం, మానిటర్ అక్కర్లేదు, ఫోన్ బ్రౌజర్‌లోంచే పాట మార్చొచ్చు. యూఎస్‌బీ సీడీ డ్రైవ్ తగిలిస్తే డిస్కును నాణ్యత తగ్గని ఫ్లాక్ ఫైళ్లలోకి ఎక్కిస్తుంది. ధ్వని మాత్రం హెడ్‌ఫోన్ జాక్ నుంచి కాకుండా చిన్న యూఎస్‌బీ డాక్ (DAC, డిజిటల్ పాటను ధ్వని సిగ్నల్‌గా మార్చే పరికరం) ద్వారా తీసుకోండి. పెట్టె మీద మిగిలిన డబ్బు పెట్టాల్సింది దానిమీదే.

అసలు శ్రమంతా ట్యాగులది, అంటే పాట ఫైల్లోనే ఉండే గాయకుడు, ఆల్బమ్ లాంటి వివరాలది. నా పాత ఎంపీ3ల్లో గాయకుడి పేరుండాల్సిన చోట ఏదో వెబ్‌సైట్ పేరు. ఘంటసాల గారు మూడు ఇంగ్లీషు స్పెల్లింగులతో ముగ్గురు గాయకులైపోయారు. సినిమా పాటలకి పాటకో గాయకుడు కాబట్టి ఒక్కో సినిమా నాలుగు ముక్కలుగా కనిపించేది. ఆల్బమ్ ఆర్టిస్ట్ గడిలో సంగీత దర్శకుడి పేరు వేశాక దారికొచ్చింది. ఇప్పుడు పెండ్యాల అని నొక్కితే ఆయన సినిమాలన్నీ ఒక్కచోట. పేర్లు తెలుగు లిపిలోనా, ఇంగ్లీషులోనా అన్నది మొదటిరోజే తేల్చుకోండి. రెండూ కలిస్తే వెతుకులాట నరకం. ట్యాగులు సరిచేసే సాఫ్ట్‌వేర్ మ్యూజిక్‌బ్రెయిన్జ్ పికార్డ్ కొంత సాయం చేస్తుంది కానీ, పాత తెలుగు సినిమాల దగ్గర చాలావరకు చేత్తోనే కొట్టుకోవాలి. నా సాలూరి వారి ఫోల్డర్ ఇంకా సగంలోనే ఉంది.