పాలిమర్ పూసల మీద పల్లాడియం: ఏళ్ల వాడకం తర్వాత

హైదరాబాద్ శివార్లలో ఒక ప్రాసెస్ ల్యాబ్‌లో పనిచేస్తాను. సుజుకి కప్లింగ్‌లకు (రెండు కార్బన్ అణువుల ముక్కల్ని కలిపే రియాక్షన్) కేటలిస్ట్‌గా, పాలిస్టైరీన్ పూసల మీద ఫాస్ఫీన్‌తో (లోహాన్ని పట్టి ఉంచే ఫాస్ఫరస్ సమ్మేళనం) బిగించిన పల్లాడియం లోహాన్ని చాలా ఏళ్లుగా వాడుతున్నాను. ఒకరిద్దరు సప్లయర్ల సరుకు చూశాను. గుణదోషాలు అందరివీ దాదాపు ఒకటే, కాబట్టి పేర్లతో పనిలేదు.

ముందు ఫిల్ట్రేషన్ సంగతి. పల్లాడియం కార్బన్ (బొగ్గు పొడి మీద పల్లాడియం) అయితే హైఫ్లో (వడకట్టడానికి వాడే పొడి) బెడ్ వేయాలి, అది తడి ఆరిపోకుండా కాపలా కాయాలి. హైడ్రోజన్ పీల్చుకున్న కేటలిస్ట్ మిథనాల్ ఆవిరి తగిలి ఎక్కడ అంటుకుంటుందో అని టెన్షన్. కప్లింగ్‌లో పూసలు వాడితే ఈ బాధేమీ ఉండదు. స్టిరర్ ఆపితే టోలీన్‌లో మెల్లగా అడుగుకు చేరతాయి, డైక్లోరోమీథేన్‌లో అయితే పైకి తేలతాయి. మామూలు సింటర్డ్ గరాటు చాలు. టెట్రాకిస్ (ద్రావణంలో కరిగే పల్లాడియం కేటలిస్ట్) వేసిన బ్యాచ్ డికాక్షన్‌లా దిగేది, ఇక్కడ ఫిల్ట్రేట్ లేత పసుపు.

మందుల తయారీలో ఆ రంగు తేడాకు, అంటే ద్రావణంలో లోహం తక్కువ ఉండటానికి, విలువ ఉంది. ఐసీహెచ్ క్యూ3డీ (మందుల్లో లోహ మలినాల మీద అంతర్జాతీయ మార్గదర్శకం) ప్రకారం నోటి ద్వారా వేసుకునే మందులో పల్లాడియం రోజుకు 100 మైక్రోగ్రాములు మించకూడదు, ఇంజెక్షన్‌లో 10. కప్లింగ్ చివరి స్టేజీల్లో ఉంటే స్కావెంజర్ (మిగిలిన లోహాన్ని పీల్చి తీసేసే పదార్థం) ఖర్చు బాగా తగ్గుతుంది. నా లెక్కలో ఈ పూసలు కొనడానికి అసలు కారణం ఇదే.

"మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు" అన్న ప్రచారం దగ్గరే నాకు పేచీ. రియాక్షన్ సగంలో ఉండగా, వేడి తగ్గకముందే కొంత వడకట్టి, పూసలు లేని ఆ ద్రావణాన్ని అదే వేడిలో ఉంచి చూడండి. కన్వర్షన్ (ముడిపదార్థం ఉత్పత్తిగా మారిన శాతం) ఇంకా పెరుగుతుంటే లోహం ద్రావణంలోకి దిగి పని చేస్తోందన్నమాట. నేను చూసిన చాలా కేసుల్లో పెరిగింది. చల్లారాక ఆ లోహంలో చాలా భాగం తిరిగి పూసల్లోకే చేరుతుంది, అందుకే చివర్లో లోహం పీపీఎం (పది లక్షల్లో ఎన్ని వంతులు) లెక్క ముచ్చటగా కనిపిస్తుంది. కానీ తిరిగొచ్చిన లోహం గడ్డకడుతుంది, ఫాస్ఫీన్ ఆక్సిడైజ్ అయి పట్టు వదులుతుంది. లేత రంగు పూసలు నల్లబడతాయి, రియాక్షన్ టైమ్ ప్రతిసారీ పెరుగుతూ పోతుంది. జీఎంపీ (మందుల తయారీ నాణ్యతా నియమాలు) కింద చేసే బ్యాచ్‌లో పాత పూసలు వేసే ధైర్యం నేను చేయను.

కొనేముందు జెల్ రకమా, మాక్రోపోరస్సా అని అడగండి. 1-2 శాతం డైవినైల్‌బెంజీన్ (పాలిమర్ గొలుసుల్ని అడ్డంగా కలిపి క్రాస్‌లింక్ చేసేది) ఉన్న జెల్ పూస టోలీన్, టీహెచ్‌ఎఫ్ లాంటి ద్రావకాల్లో ఉబ్బితేనే లోపలికి దారి ఇస్తుంది. నీళ్లు, మిథనాల్ ఎక్కువైతే ముడుచుకుంటుంది. క్రాస్‌లింకింగ్ బాగా ఎక్కువగా ఉన్న మాక్రోపోరస్ పూసలో రంధ్రాలు శాశ్వతం. సజల కార్బొనేట్‌తో చేసే సుజుకికి నా ఓటు దానికే. వాడాక ముందు నీళ్లతో కడగాలి, లేకపోతే ఉప్పు రంధ్రాల్లోనే ఉండిపోతుంది.

మ్యాగ్నెటిక్ బార్ మాత్రం వద్దు. ఫ్లాస్క్ అడుగున పూసల్ని పిండి చేసేస్తుంది, ఆ పొడి గరాటుకు అడ్డం పడుతుంది. ఓవర్‌హెడ్ స్టిరర్‌ను నెమ్మదిగా తిప్పండి.

ధర ఎక్కువే. మొదటి స్టేజీల్లో, తర్వాత ఎలాగూ శుద్ధి చేసే ఇంటర్మీడియట్లకు ఇది దండగ. వాడేసిన పూసల్ని మాత్రం పారేయొద్దు. రిఫైనర్‌కు పంపితే పాలిమర్ కాలిపోయి లోహం మిగులుతుంది. ఆ డబ్బు కూడా కలిపి లెక్క చూపించాకే మా పర్చేజ్ వాళ్లు సంతకం పెట్టారు.