మోసం చేసిన క్యాబిన్, మాట నిలబెట్టిన ఇనుప పాత్ర

అట్లాంటా నుంచి స్మోకీ పర్వతాలకు బయలుదేరే తెలుగు కుటుంబాలు చాలావరకు టెన్నెసీ రాష్ట్రంలోని పిజన్ ఫోర్జ్ లేదా గాట్లిన్‌బర్గ్ పరిసరాల్లో క్యాబిన్, అంటే కొండల్లోని చెక్క ఇల్లు, అద్దెకు తీసుకుంటాయి. మేమూ అలాగే తీసుకున్నాం. ఆ క్యాబిన్‌కు చెల్లించిన డబ్బుకూ అక్కడ అందిన సదుపాయానికీ పొంతనే లేదు. అదే యాత్రలో, 22 డాలర్లు కూడా పడని మాంసంతో ఆరుబయట బొగ్గుల మీద వండుకున్న పోర్క్ రిబ్స్ (పంది పక్కటెముకల మాంసం) మా అందరికీ ఇప్పటికీ నోట్లో మెదులుతూనే ఉన్నాయి. ఈ రెండు విషయాలూ అటు వెళ్లబోయేవారికి ముందుగా తెలియడం మంచిదని వివరంగా రాస్తున్నాను.

మేము మొత్తం ఏడుగురం: నేను, నా భార్య, పిల్లలిద్దరు, బావమరిది దంపతులు, భీమవరం నుంచి వచ్చిన మా మామగారు. నేరుగా కొండలకు వెళ్లకుండా ముందు చట్టనూగ నగరానికి పడమరగా ఉన్న సౌత్ పిట్స్‌బర్గ్ అనే చిన్న ఊరికి వెళ్లాం. అట్లాంటా వైపు నుంచి వెళ్తే చుట్టుదారే, కానీ పోత ఇనుప సామాను వాడేవారెవరైనా ఒకసారి చూడవలసిన ఊరు అది. జోసెఫ్ లాడ్జ్ 1896లో అక్కడ ఇనుము పోతపోసే ఫౌండ్రీ పెట్టాడు. 1910లో అది కాలిపోతే అదే ఊళ్లో మళ్లీ కట్టి లాడ్జ్ పేరుతో నడిపారు. ఇప్పటికీ పాత్రలు అక్కడే పోస్తున్నారు. 2022లో తెరిచిన పోత ఇనుము మ్యూజియంలో 18 అడుగుల పెనం ఒకటి ఉంది. పిల్లలు దాన్ని వదిలి ఒక పట్టాన కదల్లేదు. చట్టనూగ దాటాక టైమ్ జోన్ మారి గడియారం ఒక గంట వెనక్కి వెళ్తుంది కాబట్టి, దుకాణం మూసేస్తారేమోనని దారి పొడవునా ఆందోళన పడిన నా భార్యకు అక్కడికి చేరేసరికి ఒక గంట కలిసివచ్చింది.

ఫ్యాక్టరీ దుకాణంలో పైపై గీతలో చిన్న మచ్చలో ఉన్న పాత్రలను విడిగా పెట్టి తక్కువ ధరకు అమ్ముతారు. వంటకు వాటితో ఏ ఇబ్బందీ ఉండదు. మేము కొనదలచింది డచ్ అవెన్, అంటే బరువైన మూత ఉండే మందపాటి పోత ఇనుప పాత్ర. వంటగదిలో స్టవ్ మీద పెట్టే, అడుగు చదునుగా ఉండే ఎనామెల్ పాత్రనూ అదే పేరుతో పిలుస్తారు. ఆరుబయట వంటకు పనికివచ్చేది మూడు కాళ్లున్న క్యాంప్ రకం. ఆ కాళ్ల వల్ల పాత్ర కింద నిప్పులు పరవడానికి చోటు దొరుకుతుంది, మూత అంచు పైకి లేచి ఉండడం వల్ల పైన పెట్టిన బొగ్గులు జారిపడవు. కౌంటర్ దగ్గర ఉన్న పెద్దావిడ మేము ఎంతమందిమో, ఏం వండుతామో అడిగి, మేము చేతిలోకి తీసుకున్న 6 క్వార్టుల (క్వార్టు దాదాపు ఒక లీటరు) పాత్రను పక్కన పెట్టించి, 12 అంగుళాల వెడల్పు, 5 అంగుళాల లోతు ఉన్న 8 క్వార్టుల పాత్ర చూపించింది. ధర 79 డాలర్ల 95 సెంట్లు. బరువు 20 పౌండ్లకు పైగా ఉంటుంది. ఈ యాత్రలో మాకు దొరికిన అత్యుత్తమ సేవ ఆమెదే, అమ్మకం కోసం కాకుండా మా అవసరం కోసం మాట్లాడింది. మామగారు పంది మాంసం ముట్టరు కనుక ఆయన వంటకు ఒక చిన్న పెనం విడిగా తీసుకున్నాం.

ఇక క్యాబిన్ సంగతి. ప్రకటనలో రాత్రికి 189 డాలర్లు అని పెద్ద అక్షరాల్లో ఉంది. రెండు రాత్రుల 378 డాలర్లకు శుభ్రపరిచే రుసుము 165, బుకింగ్ రుసుము 58, వస్తువులు పాడైతే భరించే పథకం పేరుతో 45 చేరి, పన్నుకు ముందే 646 డాలర్లయ్యాయి. అంతా చెల్లించాక, వెళ్లేటప్పుడు దుప్పట్లు తీసి మూట కట్టాలని, గిన్నెలు కడిగి పెట్టాలని, చెత్తను కొండ దిగువనున్న డబ్బా దాకా మోసుకెళ్లి వేయాలని గోడకు అంటించిన కాగితంలో చదివాం. ఆ పనులన్నీ మేమే చేస్తే 165 డాలర్లు ఎవరు ఏ పని చేసినందుకో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

అదైనా సర్దుకునేవాళ్లం. అసలు ఆ క్యాబిన్‌ను ఎంచుకున్నదే అక్కడి గ్యాస్ గ్రిల్ చూసి. ప్రకటనలోని బొమ్మల్లో వసారాలో మెరుస్తూ కనిపించిన ఆ గ్రిల్ పక్కన ‘ప్రొపేన్ సమకూరుస్తాం’ అని స్పష్టంగా రాసి ఉంది. వెళ్లి చూస్తే సిలిండర్ ఖాళీ, లోపలి జాలీ మీద పాత కొవ్వు చిటికెన వేలి మందాన గడ్డకట్టి ఉంది. బావమరిది మూత ఎత్తి చూసి మాట్లాడకుండా దించేశాడు. ఫోన్ చేస్తే, గ్రిల్ అతిథుల సౌకర్యం కోసం పెట్టిన అదనపు వస్తువు మాత్రమేనని, దాని మీద హామీ ఏదీ లేదని, కావాలంటే మేమే సిలిండర్ నింపించుకోవచ్చని అటువైపు మనిషి చెప్పాడు. ప్రకటనలోని వాక్యం చదివి వినిపిస్తే మేనేజర్‌తో మాట్లాడి మళ్లీ చేస్తానన్నాడు, చేయలేదు. ‘పూర్తి వంటగది’ అని ప్రకటించిన చోట ఉన్నవి పిడి ఊగిపోతున్న బాణలి ఒకటి, మూతలేని గిన్నెలు రెండు, కోడిగుడ్డు పొర కూడా తెగని కత్తి. నా భార్య ఆ రాత్రి అన్నం వండడానికి ఇంటి నుంచి తెచ్చుకున్న కుక్కరే దిక్కయింది. ఆమె మౌనంగా ఉందంటే కోపం ఎంత ఉందో మా ఇంట్లో అందరికీ తెలుసు.

మర్నాడు పిజన్ ఫోర్జ్ ప్రధాన వీధిలో ఒక బార్బెక్యూ రెస్టారెంటుకు వెళ్లాం. ఫుల్ ర్యాక్, అంటే విడదీయని పక్కటెముకల వరుస, 36 డాలర్ల 99 సెంట్లు. ఆరుగురికి మించిన బృందమని 18 శాతం టిప్పు ముందే కలిపి, మొత్తం 214 డాలర్ల బిల్లు వేశారు. రిబ్స్ మీద బెల్లపు పాకంలాంటి సాస్ కప్పి తెచ్చారు. దాన్ని కొంచెం తీసి చూస్తే లోపలి మాంసం బూడిద రంగులో, ఏ రుచీ లేకుండా ఉంది. నీళ్లలో ఉడికించి, సాస్ పూసి, మంట కింద ఒకసారి చూపించి ఇచ్చే పద్ధతి అది. నీళ్లలో ఉడికిస్తే మాంసం సారం ఆ నీళ్లలోకే పోతుంది, సాస్ దాన్ని తిరిగి తేలేదు. పైగా ఎముక వైపు ఉండే పలచటి పొరను తీయనే లేదు. పంటి కింద అది సాగుతుంటే మా పెద్దమ్మాయి ప్లేటు పక్కకు జరిపేసింది. వసతికైనా భోజనానికైనా పిజన్ ఫోర్జ్ ప్రధాన వీధిని నేను ఎవరికీ సూచించను.

ఆ తర్వాతి మజిలీ జాతీయ ఉద్యానవనం లోపలి కేడ్స్ కోవ్ క్యాంప్‌గ్రౌండ్. రాత్రికి 30 డాలర్లు మాత్రమే, ఆరు నెలల ముందు నుంచే బుక్ చేసుకోవచ్చు. ఉద్యానవనానికి ప్రవేశ రుసుము లేదు. అయితే 2023 మార్చి నుంచి 15 నిమిషాలకు మించి బండి నిలపాలంటే పార్కింగ్ ట్యాగ్ ఉండాలి, రోజుకు 5 డాలర్లు, వారానికి 15. స్నానాల గదులు లేవు, కరెంటు లేదు. ఈ సంగతి వాళ్లే ముందుగా చెప్తారు, అందుకే నాకు ఫిర్యాదు లేదు. మరుగుదొడ్లు మాత్రం క్యాబిన్‌లోని దానికంటే శుభ్రంగా ఉన్నాయి. బయటి నుంచి తెచ్చే కట్టెలు వేడిచేసి శుద్ధిచేసినట్టు ముద్ర ఉన్నవే అయి ఉండాలి, చెట్లను తొలిచే పురుగులు కట్టెలతో పాటు అడవిలోకి చేరకుండా పెట్టిన నియమమిది. అక్కడి దుకాణంలోనే ఒక కట్ట కొన్నాం. ఎలుగుబంట్లు తిరిగే చోటు కనుక తిండి, వంటపాత్రలు, చివరికి టూత్‌పేస్ట్ కూడా కారులోనే దాచాలి. రేంజర్ వచ్చి ఇవన్నీ ఓపికగా పిల్లలకు అర్థమయ్యేలా చెప్పి వెళ్లింది.

అంతకుముందే మేరీవిల్ అనే ఊళ్లో పౌండు 3 డాలర్ల 99 సెంట్ల చొప్పున రెండు ర్యాకుల బేబీ బ్యాక్ రిబ్స్ కొన్నాం, 21 డాలర్ల 70 సెంట్లు అయింది. ఎముక వైపు పొర కింద చెంచా కాడ దూర్చి అంచు లేపి, జారకుండా పేపర్ టవల్‌తో పట్టుకుని లాగితే మొత్తం ఒకే ముక్కగా ఊడివచ్చింది. ఈ పని ఎట్టి పరిస్థితిలోనూ మానకూడదు. ర్యాకులను మూడు, నాలుగు ఎముకల ముక్కలుగా కోసి, ఉప్పు, బ్రౌన్ షుగర్, స్మోక్డ్ పాప్రికా, వెల్లుల్లి పొడి, ఆవపొడి, మిరియాల పొడి పట్టించాం. బావమరిది భార్య తన డబ్బాలోంచి గుంటూరు కారం, వేయించిన జీలకర్ర పొడి తీసి కలిపింది. అమెరికన్లు అక్కడ కయెన్ మిరపపొడి వాడతారు, కానీ మా కారం రంగూ ఘాటూ దానికంటే బాగా కుదిరాయి.

పాత్ర అడుగున ఉల్లిపాయ చక్రాలు పరిచి, అరకప్పు ఆపిల్ రసం, అరకప్పు ఆపిల్ సిడర్ వెనిగర్ పోసి, ముక్కలను ఎముక కిందికి వచ్చేలా పేర్చాం. మాంసం ఆ ద్రవంలో మునగకూడదు, ఆవిరి పట్టడానికి ఆ మాత్రం చాలు. ఇక బొగ్గుల లెక్క. పాత్ర వెడల్పు ఎన్ని అంగుళాలైతే దానికి మూడు కలిపి అన్ని బ్రికెట్లు (బొగ్గుపొడిని అదిమి చేసిన బిళ్లలు) మూత మీద, మూడు తీసేసి అన్ని కింద పెట్టాలని ఆ వంట తెలిసినవాళ్లందరూ చెప్పే సూత్రం. 12 అంగుళాల పాత్రకు పైన 15, కింద 9 పెడితే సుమారు 325 డిగ్రీల ఫారెన్‌హీట్ వస్తుంది. రిబ్స్‌కు అంతకంటే కొంచెం తక్కువ వేడి మేలు కనుక, పాత్ర కాగాక పైనా కిందా రెండేసి తీసేశాం. కింద ఎక్కువ పెడితే అడుగు మాడుతుందే తప్ప మాంసం త్వరగా ఉడకదు.

బొగ్గుల బాధ్యత ఎవరికీ ఇవ్వకుండా మామగారు తీసుకున్నారు. క్యాబిన్‌లో ఉన్నంతసేపూ ముభావంగా ఉన్న మనిషి, మూత మీద నిప్పులు చూడగానే కుర్చీ దగ్గరకు లాక్కున్నారు. వాళ్లమ్మగారు కుంపటి మీద దిబ్బరొట్టె కాల్చేటప్పుడు పళ్లెం మూతపెట్టి దానిమీద ఇలాగే నిప్పులు పోసేవారట. పావుగంటకోసారి పాత్రను ఒక వైపు, మూతను రెండో వైపు పావు చుట్టు తిప్పమని మేము చదివి చెప్పిన సూచన ఆయనకు కొత్త కాదు, ఒక్క పక్కే మాడకుండా రొట్టెనూ అలాగే తిప్పేవారని చెప్పారు. తెల్లగా బూడిద పట్టి చిన్నవైపోయిన బిళ్లలను పట్టకారుతో తీసి, పక్కన రాజేసి ఉంచిన కొత్తవి పెడుతూ, చిన్నవాడికి ఏది చల్లారిందో ఏది మండుతోందో చూపించారు. తాను తినని వంట కోసం ఆయన అంతసేపు అక్కడే కూర్చున్నారు. ఆయనకు చిన్న పెనంలో కోడిగుడ్ల వేపుడు నా భార్య విడిగా చేసింది.

పంది మాంసం లోపలి వేడి 145 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు చేరి, మూడు నిమిషాలు ఆగితే తినడానికి సురక్షితమే. అయితే రిబ్స్ ఆ వేడి దగ్గర నమలలేనంత గట్టిగా ఉంటాయి. ఎముకలను పట్టి ఉంచే కొల్లాజెన్ నెమ్మదిగా కరిగి జిలాటిన్‌గా మారడానికి సమయం కావాలి, 195 నుంచి 203 డిగ్రీల మధ్యకు చేరితేనే అసలైన మెత్తదనం. మాకు రెండున్నర గంటలు దాటింది. ఎముక చివరల నుంచి మాంసం అర అంగుళం వెనక్కి జరిగి, ఎముకను పట్టుకుని మెలిపెడితే కదిలింది. అప్పుడు సాస్ పూసి, మూత మీద బొగ్గులు పెంచి ఇంకో ఇరవై నిమిషాలు ఉంచాం. సాస్ ముందే పూస్తే అందులోని చక్కెర మాడి చేదెక్కుతుంది.

డచ్ అవెన్‌లో కట్టెల పొగ వాసన పట్టదు, బార్బెక్యూకు పేరుపడ్డ మెంఫిస్ నగరం వాళ్లు దీన్ని బార్బెక్యూ అనడానికి ఒప్పుకోకపోవచ్చు. అందుకే చివర్లో ముక్కలను బయటికి తీసి, క్యాంప్‌సైట్‌లోని జాలీ మీద కట్టెల నిప్పుపై రెండు వైపులా రెండేసి నిమిషాలు కాల్చాం. అంచులు నల్లగా గరగరలాడుతూ, లోపల మాత్రం పంటితో లాగితే ఎముక శుభ్రంగా వచ్చేంత మెత్తగా ఉంది. ముందురోజు ప్లేటు జరిపేసిన మా పెద్దమ్మాయే అందరికంటే ఎక్కువ తిన్నది. పాత్ర అడుగున మిగిలిన ఉల్లిపాయ గుజ్జును బావమరిది వేడి అన్నంలో కలుపుకున్నాడు. అది చూసి మిగతా అందరూ కలుపుకున్నారు.

ఈ పాత్ర కొనేవారికి ఒక మాట: వెనిగర్, టమాటా ఉన్న సాస్ అందులో రాత్రంతా ఉంచవద్దు, ఇనుము మీది నూనె పూత పోతుంది. వేడి నీళ్లతో కడిగి, నిప్పు మీద ఆరబెట్టి, పలచగా నూనె రాయాలి. ఎలుగుబంట్ల నియమం వల్ల మేము ఎలాగూ ఆ రాత్రే కడిగి కారులో పెట్టాం. తిరుగు ప్రయాణం సాఫీగా సాగింది.

క్యాబిన్ వారికి ఖాళీ సిలిండర్ ఫోటో, ప్రకటనలోని వాక్యం జతచేసి లేఖ రాసి, క్రెడిట్ కార్డు బ్యాంకుకు కూడా ఫిర్యాదు చేశాం. చివరికి 60 డాలర్లు వెనక్కి వచ్చాయి. శుభ్రపరిచే రుసుములో మాత్రం ఒక్క సెంటు కూడా ఇవ్వలేదు.